ఈ పేజీ మీకు మంచిది కాదు

ఆ రోజుల్లో మనిషికి కావలసినవన్నీ జేబులో ఉండేవి కావు. కొన్నిటి కోసం బస్సెక్కాలి, కొన్నిటి కోసం వరుసలో నిలబడాలి, ఇంటర్నెట్ కోసమైతే రెండూ చేయాలి. ఇదేదో తాతల కాలం నాటి ముచ్చట అనుకునేరు, గట్టిగా పదిహేనేళ్లు కూడా కాలేదు. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు పోతుంటే మిరప చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఒక మండల కేంద్రం ఉంది. (పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు ఇప్పటికీ నన్ను గుర్తుపట్టి నవ్వుతారు.) ఆ ఊరి లైబ్రరీలో నాలుగు కంప్యూటర్లు, వాటికి కాపలాగా నేను. డిగ్రీ అయిన ఏడాదికే దొరికిన కాంట్రాక్టు కొలువు. నాకు చిన్నప్పటి నుంచీ నిమిషం కుదురుండదు. పని ఉంటే ఎప్పుడు అయిపోతుందా అని, లేకపోతే ఎప్పుడు దొరుకుతుందా అని కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటాను. అలాంటి నన్ను, గోడల మీద 'నిశ్శబ్దం పాటించండి' అని ఆరుచోట్ల రాసి ఉన్న గదిలో కూర్చోబెట్టడం ఎవరి తప్పో నాకు తెలియదు గానీ, ఆ తర్వాత జరిగినదంతా మాత్రం నా తప్పే.

మా లైబ్రేరియన్‌ని ఊళ్లో అందరూ స్టాంపు సార్ అనేవారు. ఆయన పొద్దున్నే ఏడున్నరకల్లా వచ్చి, పేపర్లన్నీ ముందు తానే తిరగేసి, సినిమా పేజీలో హీరోయిన్ నడుము గానీ మరొకటి గానీ అవసరానికి మించి కనబడుతోందని తోస్తే సరిగ్గా అక్కడ లైబ్రరీ గుండ్రటి ముద్ర ఒకటి కొట్టేవారు. ముద్ర పెద్దది, నడుములు సన్నవి, కాబట్టి పని జరిగిపోయేది. దీనివల్ల ఒక్కటే చిక్కు. పేపరు చదవడానికి వచ్చినవాళ్లు మొదటి పేజీ వదిలేసి ముందు ముద్రలెక్కడున్నాయో వెతుక్కునేవారు. "ఇయ్యాల మూడు పడ్డయిరో" అని ఒకరికొకరు గుసగుసగా చెప్పుకోవడం నేను ఈ చెవులతో విన్నాను. సార్‌కి మాత్రం ఈ సంగతి తెలియదు. తెలిసినా మానేవారని నేననుకోను, పాతికేళ్ల అలవాటు.

ఒకరోజు పైనుంచి ఒక ఆఫీసరు గారు తనిఖీకి వచ్చారు. రిజిస్టర్లు చూశారు, బాగున్నాయన్నారు. టీ తాగారు, బాగుందన్నారు. వెళ్లేముందు ఊరికే మూడో కంప్యూటర్ ముందు కూర్చుని, అంతకుముందు దాంట్లో ఎవరేం చూశారో బయటపెట్టే మీట నొక్కారు. అంతే, ఆయన ముఖంలో రంగులు మారాయి. "ఇది లైబ్రరీయా, సినిమా టాకీసా?" అన్నారు. పది రోజుల్లో అన్ని కంప్యూటర్లకూ ఫిల్టరు పెట్టాలని, లేకపోతే వాటిని ఎత్తుకుపోతానని చెప్పి జీపెక్కారు. ఆ సాయంత్రం స్టాంపు సార్ చేతిలో ముద్రతో ఆ కంప్యూటర్ ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నావైపు తిరిగి, "దీని మీద ఎట్ల కొట్టాలె అమ్మా?" అన్నారు. నాకు నవ్వు రాలేదు, జాలి కలిగింది. ఇరవై మూడేళ్ల వయసులో జాలి కలిగితే మనిషి ఆగడు. "మీరు ఫికర్ పడకుండ్రి సార్, నేను కొడత" అన్నాను.

కొట్టాను. ఆ ఫిల్టరులో రెండు పద్ధతులున్నాయి. చెడ్డవాటిని ఆపి మిగతావన్నీ వదిలేయడం ఒకటి. మంచివని మనం జాబితా రాసిచ్చినవి తప్ప లోకంలో ఉన్న మిగతా అన్నిటినీ ఆపేయడం రెండోది. బుద్ధున్నవాళ్లు మొదటిది పెట్టుకుంటారు. కానీ ఏదో ఒకటి జారిపోయి మళ్లీ ఆ ఆఫీసరు గారి కంటబడితే నా మీద మాట వస్తుందని నేను రెండోది పెట్టాను. సారూ నేనూ కూర్చుని పదకొండు వెబ్‌సైట్లు మంచివని తేల్చాం. మిర్చి ధరలు, వానల కబురు, పరీక్షల ఫలితాలు, ఉద్యోగాల దరఖాస్తులు, ఇలాంటివి. ఆపిన పేజీ చోట ఏం కనబడాలో కూడా మనమే రాసుకోవచ్చంది ఫిల్టరు. అక్కడున్న పొడి ఇంగ్లీషు మాట తీసేసి, ఎర్రటి అక్షరాలతో 'ఈ పేజీ మీకు మంచిది కాదు - గ్రంథాలయం' అని రాశాను. రాసి, రెండడుగులు వెనక్కి వేసి, వాకిట్లో ముగ్గు చూసుకున్నట్టు చూసుకున్నాను. ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక తాళం. ఈ జాబితాలో కొత్తది చేర్చాలన్నా, ఫిల్టరు తీసేయాలన్నా ఒక పాస్‌వర్డ్ కావాలి. అది ఎవరి దగ్గరుండాలన్న దగ్గర సార్ ఆలోచనలో పడ్డారు. "గుళ్లె హుండీ ఎట్ల తెరుస్తరమ్మా? ఒక చెవి ఒకరి తాన, ఇంకో చెవి ఇంకొకరి తాన. ఇద్దరు కూడితేనే తాళం వస్తది. గట్ల చేద్దాం" అన్నారు. అలాగే చేశాం. పాస్‌వర్డ్‌లో మొదటి సగం నేను కొట్టాను, సార్ గోడవైపు తిరిగి నిలబడ్డారు. రెండో సగం ఆయన కొట్టారు, నేను గోడవైపు తిరిగాను. సాక్షిగా మా అటెండరక్క మధ్యలో నిలబడింది. అప్పటి నుంచి ఎవరికైనా కొత్త వెబ్‌సైటు కావాలంటే చీటీ రాసి పెట్టెలో వేయాలి, శనివారం నాడు హుండీ తెరవాలి. చీటీల్లో 'ఎందుకు' అనే గడి కూడా పెట్టాను. ఒకాయన అందులో 'ఊకనే' అని రాశాడు. ఇంకొకాయన వెబ్‌సైటు పేరు రాయాల్సిన చోట 'అన్నీ' అని రాశాడు. నిలబడి గోడ చూస్తున్న ప్రతి శనివారమూ, ఇంత పకడ్బందీగా ఏ లైబ్రరీ నడవదనే అనుకున్నాను.

అసలు కథ ఒక శుక్రవారం జరిగింది. సార్ తన మేనకోడలి పెళ్లికని ముందురోజే చర్ల దాటి అడవి లోపలి ఊరికి వెళ్లారు. పదకొండున్నరకు తండా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరును చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని ఉంది కాబట్టి ఆమెను కవరు పిల్ల అంటాను. ఫారెస్టు బీట్ ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఆ సాయంత్రం అయిదింటితో గడువు అయిపోతుంది. కులం సర్టిఫికెట్ నిన్న పొద్దుగూకాక చేతికొచ్చిందట. ఊళ్లో ఉన్న ఒక్క నెట్ సెంటర్లో ఆమెకిచ్చిన టోకెన్ అరవై మూడు, అక్కడ నడుస్తున్నది పంతొమ్మిది. "మీ తాన అయితదా మేడం?" అని గుమ్మంలోనే అడిగింది. దరఖాస్తుల వెబ్‌సైటు మా పదకొండింటిలో ఉంది. "ఎందుకు కాదు, కూసో" అన్నాను దర్జాగా.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో ఆమె అంతా నింపింది. తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఎంత దూరం నడవగలదు, అన్నీ. (పాతిక కిలోమీటర్లు నడవాలట ఆ ఉద్యోగానికి. "గదేముంది మేడం, కాలేజికి గంతనే నడిచిన" అంది.) ఆఖరున ఫొటో, సంతకం ఎక్కించే మీట నొక్కింది. ఇప్పుడు నాకు అర్థమైన సంగతి అప్పుడు తెలియదు. దరఖాస్తు ఒక చోట ఉంటుంది, ఫొటో తీసుకునే పేజీ ఇంకో చోటి నుంచి వస్తుంది, ఆ రెండో చోటు మా జాబితాలో లేదు. తెర తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. ఆమె వేలు మీట మీద నుంచి తీయకుండానే గట్టిగా చదివింది. ఈ పేజీ మీకు మంచిది కాదు, గ్రంథాలయం.

"ఏంది మేడం, గీ నౌకరీ నాకు మంచిది కాదంటున్నదా?"

పేపర్లు చదువుతున్నవాళ్లంతా తలలెత్తారు. నేను తడబడి, "అది మిషన్ అట్లనే అంటది, పట్టించుకోకు" అన్నాను. ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది. "మా నాయిన గిదే అన్నడు. అడవి నౌకరీ ఆడిపిల్లకు మంచిది కాదన్నడు. మా అన్న గూడ గదే అన్నడు. లైబ్రరీ గూడ గదే అంటదనుకోలె" అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆ మాట రాసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు పన్నెండు కావస్తోంది. పన్నెండుంపావుకి కొత్తగూడెం బస్సుంది. అక్కడ నెట్ సెంటర్లు నాలుగైదు ఉంటాయి, వెళితే గడువు లోపల ఎక్కడో ఒకచోట అయ్యేది. "పోదునా మేడం?" అని లేచింది కూడా. నేను పెట్టిన తాళం నేను తీయలేనా అన్న పొగరు నాకు. "కూసో. అర్ధగంటల తీస్త" అన్నాను. కూర్చుంది. బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. ఆ హారన్ ఇప్పటికీ అప్పుడప్పుడు నా చెవిలో మోగుతుంది.

నా సగం కొట్టి, సార్ సగం ఊహించడం మొదలుపెట్టాను. ఆయన పుట్టినరోజు కొట్టాను, కాదంది. కూతురి పేరు కొట్టాను, కాదంది. "బండి నంబరు కొట్టు" అంది అటెండరక్క. కాదంది. "మరి ఆయన పెండ్లాం పేరు?" అన్నాను. "గాయనకు పెండ్లాం పేరు యాదికుంటదా?" అంది అక్క. అయినా కొట్టి చూశాను. అయిదు తప్పులు అయ్యేసరికి ఫిల్టరు అలిగి అరగంట పాటు తలుపు వేసుకుంది. అరగంట తర్వాత ఇంకో అయిదు, మళ్లీ అరగంట. ఆ మధ్యలో నేను సార్‌కి ఫోన్ చేస్తూ, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ, లోపలికొచ్చి గడియారం చూసి మళ్లీ బయటికి పోతూ ఉన్నాను. ప్రతిసారీ ఫోనులో ఒకావిడ తీయగా, మీరు కోరుకున్న వ్యక్తి పరిధిలో లేరంటోంది. "జర కూసో బిడ్డ, నిన్ను చూస్తే మాకు తల తిరుగుతున్నది" అంది అక్క. కవరు పిల్ల మాత్రం కదల్లేదు. కవరు ఒళ్లో పెట్టుకుని, ఆ ఎర్ర అక్షరాల ఎదురుగా, అవి చదివినట్టూ చదవనట్టూ కూర్చుంది.

రెండున్నరకు ఫోను కలిసింది. అవతల బ్యాండు మేళం, పిల్లల అరుపులు. సార్ నీళ్ల ట్యాంకు మెట్లెక్కి మాట్లాడుతున్నారట, అక్కడే కాస్త సిగ్నలు ఉందట. విషయం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "ఫోన్ల చెప్పొద్దమ్మా, గది నియమం" అన్నారు ముందు. (నియమం పెట్టింది మేమిద్దరమే.) "సార్, పిల్ల నౌకరీ పోతది సార్" అని దాదాపు అరిచాను. తర్వాత ఆయన గొంతు తగ్గింది. "నాకు యాదికుండదని రాసి పెట్టిన. మన లైబ్రరీలనే ఉంది. ఎవ్వలు ముట్టని పుస్తకం ఉంది చూడు, దాంట్ల, సీక్రెట్ పేజీ కాడ..." అన్నారు. అంతే, సిగ్నలు పోయింది. మళ్లీ ఆ తీయటి గొంతావిడే.

సీక్రెట్ పేజీ అంటే లైబ్రరీ వాళ్ల ఆచారం. పుస్తకం దొంగిలించినవాడు ముద్ర ఉన్న మొదటి పేజీ చింపేసినా దొరికిపోయేలా, లోపల ఒక పేజీ మీద కూడా ముద్ర కొట్టి పుస్తకం నంబరు వేస్తారు. ఆ పేజీ ఏదో బయటివాళ్లకు చెప్పరు. మాకది ఇరవై ఒకటో పేజీ. సార్ నాకు చెప్పేటప్పుడు కూడా తలుపు దగ్గరికి వేసి చెప్పారు. నేను కుర్చీ ఎక్కి నిలబడి, ఆ ఆరు నిశ్శబ్దం బోర్డుల మధ్య, గదిలో ఉన్న పదిహేను మందికీ వినబడేలా చెప్పేశాను. "ఎవ్వలు తీసుకపోని పుస్తకాలు వెతకుండ్రి. వెనక అట్టకు చీటి ఉంటది, తారీఖు ముద్రలు లేకపోతే ఎవ్వలు ముట్టనట్టు. ఇరవై ఒకటో పేజీ తెరిచి చూడుండ్రి!"

నేనింకా చెప్పడం పూర్తి చేయలేదు, గది మొత్తం లేచింది. పోటీ పరీక్షల కుర్రాళ్లు గైడ్లు మూసేశారు, పేపర్ల దగ్గరి పెద్దమనుషులు పంచెలు సర్దుకున్నారు. అంతవరకు పేపరు గదిలోంచి పుస్తకాల గదిలోకి అడుగుపెట్టని వాళ్లు కూడా బీరువాల ముందు బారులు తీరారు. దుమ్ము లేచింది, తుమ్ములు మొదలయ్యాయి. "ఇగో, ఇది ఎవ్వలు ముట్టలె!" అని ఒకరు, "గిది గూడ ముట్టలె!" అని ఇంకొకరు. నాకు అప్పుడు తెలిసిందేమిటంటే, మా లైబ్రరీలో ఎవరూ ముట్టని పుస్తకాలు ఒకటి కాదు, వందలు. ఏ ఫిల్టరూ పెట్టకుండానే ఇన్నిటిని మేం ఆపేశాం. మూడున్నర అయింది, సార్ రాసి పెట్టిన చీటీ మాత్రం దొరకలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎవరూ ముట్టని పుస్తకం ఏదో నాకు మొదటి నిమిషంలోనే తెలుసు. అటెండరక్కకూ తెలుసు. ఆ గదిలో రోజూ వచ్చేవాళ్లందరికీ తెలుసు. కానీ దాన్ని రాసిన మనిషి అక్కడే, మా మధ్యనే నిలబడి, మాతోపాటు ఇరవై ఒకటో పేజీలు తెరుస్తున్నాడు. ఆయన్ని శతకం తాత అనేవాళ్లం. కృష్ణా వైపు నుంచి పొలాలు కొనుక్కుని ఎప్పుడో ఇటొచ్చి స్థిరపడిన కుటుంబం. పశువుల దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాక, ఎడ్లకూ బర్రెలకూ వచ్చే జబ్బుల మీద, వాటి మందుల మీద నూట ఎనిమిది పద్యాలు రాసి అచ్చు వేయించి, పన్నెండు ప్రతులు మా లైబ్రరీకి ఇచ్చాడు. పన్నెండూ ఒకే అరలో వరుసగా ఉండేవి. రోజూ ఇంటికి వెళ్లేముందు ఆయన ఎవరూ చూడకుండా ఆ అర దగ్గర ఆగి, ఒక పుస్తకం వెనక అట్ట తెరిచి, చీటీ మీద ముద్ర పడిందేమో చూసుకుని, మూసి వెళ్లేవాడు. ఎవరూ చూడకుండా అని ఆయన అనుకునేవాడు. మేమంతా చూసేవాళ్లం. అందుకే ఆ మధ్యాహ్నం ఆ అర తప్ప లైబ్రరీలో అన్ని అరలూ తిరగబడ్డాయి. ఎవరికి వాళ్లు ఆ వైపు వెళ్లకుండా, వేరేచోట ఇంకా హుషారుగా వెతికారు.

నాలుగూ పదికి కరెంటు పోయింది. కంప్యూటర్ల కింద ఉన్న బ్యాటరీ పెట్టె కుయ్యి కుయ్యి మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. అది ఇరవై నిమిషాలు నిలుస్తుంది, బుద్ధి పుడితే పాతిక. కవరు పిల్ల మొదటిసారి తల తిప్పి నావైపు చూసింది. "బస్సుకు పోతే అయిపోతుండె గద మేడం" అంది, మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. తాత నొచ్చుకుంటే నొచ్చుకున్నాడు, చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన మందపాటి కళ్లద్దాలు, దుమ్ము పట్టిన చేతులు చూసి రెండుసార్లూ మూసుకున్నాను. అప్పుడు తాతే చేతిలో పుస్తకం అరలో పెట్టి, చేతులు దులుపుకుని, మా అందరి వైపూ తిరిగాడు.

"ఎవరూ ముట్టని పుస్తకం ఏదో ఈ గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నా మొహం చూసి మొహమాటపడి ఆ పిల్ల నోట్లో మట్టి కొడతారా ఏవిటి?" అన్నాడు. ఆయన నడిచి వెళ్లి, ఆ అరలోంచి పన్నెండు పుస్తకాలూ తీసి, కింద చేతులు పెట్టి పైన గడ్డం ఆనించి మోసుకొచ్చి నా బల్ల మీద దించాడు. "చూడు తల్లీ" అన్నాడు. బ్యాటరీ ఇంకా మొత్తుకుంటూనే ఉంది. మొదటిది, రెండోది, మూడోది. ఇరవై ఒకటో పేజీలో గాలికుంటు జబ్బు మీద పద్యం. ప్రతి పుస్తకంలోనూ అదే పద్యం, చీటీ లేదు. పది పుస్తకాలయ్యాయి. తాత పెదవులు కదులుతున్నాయి. దండం పెట్టుకుంటున్నాడో, పద్యం చదువుకుంటున్నాడో.

పదకొండోదాంట్లో ఉంది. తెల్ల కార్డు ముక్క మీద సార్ గుండ్రటి చేతిరాత. 'ఈ పుస్తకం నంబరే. ఎవరికీ చెప్పరాదు.' నంబరు ఆ పేజీ అడుగునే ఉంది, ముద్ర పక్కన. నేను పరిగెత్తి కొట్టాను. కంగారులో ఒకసారి తప్పు కొట్టాను. రెండోసారి తాళం వచ్చింది. ఈసారి గోడవైపు ఎవరూ తిరగలేదు, పదిహేను మంది నా భుజాల మీదుగా చూస్తున్నారు. ఫొటో ఎక్కింది, సంతకం ఎక్కింది, తెర మీద దరఖాస్తు నంబరు వచ్చింది. ప్రింటరుకు బ్యాటరీ లేదు. కవరు పిల్ల పెన్ను తీసి ఆ నంబరు అరచేతిలో రాసుకుంది. ఆఖరి అంకె రాయడం, తెర నల్లబడడం ఒకేసారి జరిగాయి. నిశ్శబ్దం బోర్డుల కింద చప్పట్లు మోగాయి. తాత మాత్రం ఆ కార్డు ముక్క పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "పోన్లే, మీ సారు ఒకసారైనా తెరిచాడన్నమాట" అన్నాడు.

కవరు పిల్ల వెళ్లేముందు బల్ల దగ్గర ఆగి, ఆ పదకొండో పుస్తకం తీసి, గాలికుంటు పద్యం కింద ఉన్న మందు వివరం వేలితో చదివింది. "మా తండాల పోయినేడు ఏడు ఎడ్లకు గిదే రోగం వచ్చింది తాతా. గీ బుక్కు తీస్కపోవచ్చునా మేడం?" అని అడిగింది. ఆమెకు సభ్యత్వం లేదు. నా కార్డు మీద రాసి, వెనక చీటీ మీద తారీఖు ముద్ర కొట్టాను. ఉద్యోగంలో ఎన్నో ముద్రలు కొట్టాను గానీ, తాత ఒంగి అంత శ్రద్ధగా చూసిన ముద్ర అదొక్కటే. ఆయన ముఖం నేను మరిచిపోలేను.

సోమవారం సార్ వచ్చాక అంతా చెప్పేశాను. బస్సు ఆపిన సంగతితో సహా. "సీక్రెట్ పేజీ అందరికి చెప్పినవా?" అన్నారు ముందు. అవునన్నాను. నిట్టూర్చారు. తర్వాత మూడో కంప్యూటర్ ముందు కూర్చుని, జాబితాలో లేనిదేదో తెరవమన్నారు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివారు. "అమ్మా, పాతికేండ్ల సంది స్టాంపు కొడుతున్న. కప్పిన, అవ్, కప్పిన. గాని నీకు మంచిది కాదని ఒక్కలకు గూడ రాయలె. గది మనం చెప్పే మాటనా?" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ రోజే ఫిల్టరును మొదటి పద్ధతికి మార్చి, ఎర్ర మాట తీసేసి, 'ఈ పేజీ కావాలంటే లైబ్రేరియన్‌ని అడగండి' అని నల్లటి అక్షరాలతో పెట్టాం. పాస్‌వర్డ్ ఆయన సగం కూడా నాకే ఇచ్చేశారు. పేపర్ల మీద ముద్రలు మాత్రం ఆగలేదు.

ఆ పుస్తకం తిరిగి రాలేదు. గడువు దాటిన పుస్తకాల జాబితా ప్రతి నెలా నేనే రాసేదాన్ని, ప్రతి నెలా దాన్ని ఒక్కదాన్నీ వదిలేసేదాన్ని. ఎందుకంటే తాత ఇప్పుడు చాటుగా అర దగ్గర ఆగడం మానేసి, బాహాటంగా వెళ్లి పదకొండు లెక్కపెట్టి, "ఒకటి ఇంకా బయటే తిరుగుతోందమ్మాయ్" అని నాతో చెప్పి ఇంటికి పోయేవాడు. కన్నుమూసేదాకా అలాగే చెప్పాడు.

మొన్న వానాకాలంలో సత్తుపల్లి నుంచి భద్రాచలం పోతూ, అడ్డదారి మంచిదని నేనే పట్టుబట్టి కారును అడవిలోకి తిప్పించాను. వెనక సీట్లో నా పక్కన మా అబ్బాయి, వాడి చేతిలో నేను తాళం వేసిన ఫోను. నాలుగింటికి చెక్‌పోస్టు దగ్గర గేటు వేసి ఉంది. ఇంతసేపు ఏమిటని నేను దిగి వెళ్లాను. (కుదురు ఇప్పుడూ లేదు.) ఖాకీ బట్టల్లో ఒక ఆఫీసరమ్మ రిజిస్టరులోంచి తలెత్తింది. కొద్దిసేపు నన్ను అలాగే చూసింది. తర్వాత లేచి నిలబడి, ముఖంలో నవ్వు రాకుండా చాలా కష్టపడుతూ, "వాగు పొంగింది. ఈ దారి మీకు మంచిది కాదు మేడం" అంది.

గుర్తుపట్టడానికి నాకు ఆ మాటే చాలింది. ఇద్దరం నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాం. ఆమె సొరుగులోంచి ఆ పుస్తకం తీసింది. అట్ట ఊడి, కొత్త అట్ట పడి ఉంది, ఇరవై ఒకటో పేజీ మీద పసుపు మరకలు. ఎన్ని తండాల్లో ఎన్ని ఎడ్ల పక్కన తెరిచిందో చెప్పింది. "మీ కార్డు మీద ఉంది గద మేడం. అడుగుతరని ఉంచిన, ఎవ్వలు అడగలె. ఇగ తీస్కపోండ్రి" అంది. నేను వెనక అట్ట తెరిచాను. నేను కొట్టిన ఒక్క ముద్ర వెలిసిపోయి, అయినా కనబడుతోంది. మూసి ఆమె చేతిలోనే పెట్టాను. "బయటనే తిరగనీ" అన్నాను.

కారు వెనక్కి తిప్పుకుని పెద్ద రోడ్డు పట్టాం. "ఎవరమ్మా ఆమె?" అని మావాడు అడిగాడు. ఒకప్పుడు నేను బ్లాక్ చేసిన మనిషి అన్నాను. వాడికి అర్థం కాలేదు, కానీ అదను దొరికిందనుకుని ఫోను నా ముందు పెట్టి, ఏదో పేజీ రావడం లేదు, తాళం తీయమన్నాడు. ఎందుకని అడిగాను. "ఊకనే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఫోను తీసుకుని, ఏ పేజీయో చూపించమని వాడి పక్కకు జరిగి కూర్చున్నాను.